ఇంటి సీత, కావ్య సీత: ఒక స్త్రీనామపు మనుగడపై విమర్శాత్మక పరిశీలన

తెలుగువారి వ్యక్తినామాలను వర్గీకరించేటప్పుడు 'సీత' అనే పేరును దేవతానామాల్లోనో, పురాణేతిహాస నామాల్లోనో చేర్చి ముందుకు సాగిపోవడం పరిపాటి. అలా చేర్చడంతో ఆ పేరుకు కారణం కూడా చెప్పినట్టే భావిస్తాం. సీత పతివ్రత, ఆదర్శ స్త్రీ, కనుక తల్లిదండ్రులు తమ కుమార్తెలకు ఆ పేరు పెట్టుకున్నారన్నది ఆ వివరణ. రామాయణాన్ని ఆదరించే విమర్శకులకూ, దాన్ని ప్రశ్నించే విమర్శకులకూ ఈ ఒక్క విషయంలో భేదాభిప్రాయం లేదు. మొదటివారు దాన్ని సంస్కృతి బలమంటారు. రెండోవారు స్త్రీని అణచి ఉంచే భావజాలానికి అది సాక్ష్యమంటారు.

ఈ వివరణ సగమే నిజమని ఈ వ్యాసం ప్రతిపాదన. పేరు పుట్టుకకు కావ్యం కారణం కావచ్చు. పేరు మనుగడకు మాత్రం కావ్యం కన్న ఇల్లే పెద్ద కారణం. తెలుగు ఇంట సీత అన్న పేరు అందుకున్న పిల్ల చాలా సందర్భాల్లో మిథిలలోని సీత పేరు కాక, ఆ ఇంట్లోనే ఉండి పోయిన ఒక నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో మోస్తుంది. దీన్ని గుర్తించకుండా ఆ పేరును ఆదర్శానికి కొలబద్దగా వాడితే, పేరు పెట్టినవారి మనసునూ పేరు మోసినవారి జీవితాన్నీ తప్పుగా చదివినవాళ్ళమవుతాం.

నాగలిచాలు

పేరు పుట్టుక గురించి స్థూలంగా అందరికీ తెలిసిందే అయినా, ఒకటి రెండు అంశాలు నిదానించి చూడదగినవి. ఋగ్వేదం నాలుగో మండలంలోని 57వ సూక్తం క్షేత్రపతిని స్తుతిస్తుంది. దాని చివరి మంత్రాల్లో సీత సంబోధితురాలు. అక్కడ సీత అంటే నాగలి గీసిన చాలు. పంటనూ సంపదనూ ఇమ్మని ఆ చాలును ప్రార్థిస్తారు. పారస్కర గృహ్యసూత్రం సీతాయజ్ఞాన్ని విధించి, సీతను ఇంద్రుని పత్నిగా చెబుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో వ్యవసాయాన్ని పర్యవేక్షించే అధికారి పేరు సీతాధ్యక్షుడు. అమరకోశం వైశ్యవర్గంలో సీత శబ్దానికి నాగలిచాలు అనే అర్థమే ఇచ్చింది. అంటే రామాయణ కథ దేశమంతటా వ్యాపించిన తరువాత కూడా ఈ మాట తన పొలం అర్థాన్ని శాస్త్రగ్రంథాల్లో నిలుపుకొంది.

వాల్మీకి ఈ అర్థాన్ని రెండు చోట్ల స్పష్టంగా వాడుకున్నాడు. బాలకాండలో జనకుడు విశ్వామిత్రునికి తన కుమార్తె దొరికిన తీరు చెబుతూ, పొలం దున్నుతుండగా నాగలి వెంట లేచినందువల్ల ఆమెకు ఆ పేరు వచ్చిందంటాడు. అయోధ్యాకాండ చివర సీతే అనసూయకు తన పుట్టుకను వివరిస్తుంది. తన పేరుకు కారణం తెలిసిన నాయిక, దాన్ని మరొక స్త్రీకి చెప్పుకున్న నాయిక మన ప్రాచీన కావ్యాల్లో అరుదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వేదంలోని చాలుకూ తెలుగు పల్లెలోని సీతమ్మకూ మధ్య తిన్నని గీత గీసే ఉత్సాహం మన వ్యాసాల్లో తరచు కనిపిస్తుంది. ఏరువాక పున్నమిని తెచ్చి సీతకు ముడివేయడం, సీతమ్మ అన్న ప్రతి పిలుపులోనూ భూదేవతారాధన శేషాన్ని చూడటం ఇందులో భాగం. తెలుగు రైతు నాగలిచాలును చాలనే అన్నాడు, సీత అనలేదు. వ్యవసాయ పదజాలంలోకి ఆ సంస్కృత పదం దిగిరాలేదు. తెలుగు చెవికి సీత ఎప్పుడూ వ్యక్తి పేరే. భూమితో ఆమెకున్న సంబంధం తెలుగువారికి కథ ద్వారా తెలిసింది, పదం ద్వారా కాదు. ఈ తేడాను పాటించకపోతే వ్యుత్పత్తి చరిత్రే పేరు చరిత్ర అన్న భ్రమ కలుగుతుంది.

అయితే వ్యుత్పత్తి నుంచి ఒక విషయం మాత్రం మన చర్చకు అత్యవసరం. వాల్మీకి నాయికకు పేర్లు అనేకం. జానకి అంటే జనకుని బిడ్డ. వైదేహి విదేహ రాజవంశానికి చెందినది. మైథిలి మిథిల ఆడపడుచు. జనకాత్మజ సంగతి చెప్పనే అక్కరలేదు. ఇవన్నీ తండ్రినో వంశాన్నో దేశాన్నో బట్టి వచ్చిన తద్ధితాలు, సమాసాలు. నిజానికి వ్యుత్పత్తి ప్రకారం ఊర్మిళ కూడా జానకే. జనకుని సొంత కూతురు ఆమే. అయినా ఆ మాట సీతకే రూఢమైంది. ఈ పేర్ల వరుసలో సీత ఒక్కటే వేరు. పేరు పెట్టినవాడు జనకుడే అయినా పేరులో జనకుడు లేడు. భర్త లేడు. కులం లేదు. ఆమె దొరికిన చోటు మాత్రమే ఉంది. భూమిజ, అయోనిజ అనేవి కూడా తండ్రిని చెప్పవు గాని అవి కవుల విశేషణాలుగానే మిగిలిపోయాయి. ఎవరూ పిల్లల్ని అయోనిజా అని పిలవలేదు.

తెలుగు రూపం

సంస్కృతంలో దీర్ఘాంతమైన సీతా శబ్దం తెలుగులో తత్సమమై హ్రస్వాంతమవుతుంది. రమ, లత వంటి మాటల దారే దీనిదీ. అయితే సంస్కృత సమాసంలో ఆ దీర్ఘం మళ్ళీ తల ఎత్తుతుంది. సీతాదేవి, సీతాలక్ష్మి, సీతారత్నం, సీతామహాలక్ష్మి మొదలైనవి ఇలాంటివి. మరోవైపు సీతమ్మ, సీతక్క తెలుగు సంధితో ఏర్పడ్డ రూపాలు. ఒకే పేరు రెండు పొరల్లో జీవిస్తున్నదనడానికి ఇంతకన్న స్పష్టమైన గుర్తు వెతకనక్కరలేదు. దీర్ఘమున్నది పీటల మీద పెట్టిన పేరు, శుభలేఖలో అచ్చయ్యే పేరు, బడి రిజిస్టరులోకి ఎక్కే పేరు. దీర్ఘం లేనిది నోటి పేరు. సీతామహాలక్ష్మి అని నామకరణమైన పిల్లను ఆ పేరంతా పలికి పిలిచిన ఇల్లు ఉండదు.

మూడో రూపం సీతాలు. ఇందులోని చివరి భాగాన్ని రాములు, కృష్ణులు వంటి మాటల్లోని గౌరవార్థక బహువచనంగా చూడవచ్చు. స్త్రీవాచకమైన 'ఆలు'గానూ చూడవచ్చు. ఏ విశ్లేషణ అంగీకరించినా ఇది శాస్త్రం చేతిలో పడని తెలుగు రూపం. పల్లె కథల్లో, జానపద గేయాల్లో, సినిమాల్లో శ్రమజీవి స్త్రీకి ఈ పేరు పెట్టడం రచయితలకు అలవాటు. ఇక్కడ కొంచెం నిలిచి ఆలోచించాలి. మన సమాజంలో స్త్రీ పేరు చివర 'అమ్మ' అనేది అలంకారం కాదు, హోదా. ఎవరిని అమ్మ చేర్చి పిలవాలి, ఎవరిని చేర్చకుండా పిలవవచ్చు అన్నది కులమూ ఆస్తీ నిర్ణయించాయి. సుబ్బమ్మ సుబ్బి కావడం, లక్ష్మమ్మ లచ్చి కావడం ఈ పద్ధతిలోనే. పురాణ నామమంటూ మనం ఒకే గడిలో వేసే సీత అన్న పేరు, పిలుపులో సీతమ్మగారిగా, సీతమ్మగా, సీతాలుగా విడిపోయి మూడు వేర్వేరు మర్యాదలను పొందింది. పేరును గణించి, పిలుపును గణించని పట్టికలు ఈ భేదాన్ని పూర్తిగా మింగేస్తాయి.

పారస్కరుడు స్త్రీనామానికి బేసి సంఖ్యలో అక్షరాలుండాలన్నాడు. సీత రెండక్షరాల పేరు. సీతమ్మ మూడు. శాస్త్రం కోసమే అమ్మను చేర్చారని ఎవరైనా వాదిస్తే నవ్వుకోవచ్చు గాని, గృహ్యసూత్రాన్ని ఎదురుగా పెట్టుకుని మన పేర్లను వివరించబోయే వారికి ఈ చిన్న లెక్క కొంత ఉపయోగపడుతుంది.

ఈ పేరు పురుష నామాల్లోకి చొరబడిన తీరు కూడా విశేషమే. సీతారామయ్య, సీతారామశాస్త్రి, సీతారామరాజు, సీతాపతి మొదలైన పేర్లు తెలుగునాట ఎంత సహజమో చెప్పనక్కరలేదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య, అల్లూరి సీతారామరాజు, గిడుగు వేంకట సీతాపతి వంటి ప్రసిద్ధులు చాలు. పూజ్యమైనది సమాసంలో ముందుండాలన్న వార్తికాన్ని బట్టి సీతారాములలో సీత ముందు నిలిచింది. ఈ సమాసం ఫలితంగా మగపిల్లవాడి పేరులో మొదట వినిపించేది స్త్రీ పేరు. ఊరిలో సీతయ్య అని పిలిపించుకునే మగవాళ్ళు ఉన్నారు. ద్రౌపదయ్య ఎక్కడా లేడు.

పెళ్ళికూతురు, తల్లి

తెలుగువారి శ్రీరామనవమి ఒక వింత పండుగ. చైత్ర శుద్ధ నవమి రాముడు పుట్టిన తిథి. ఆ రోజు తెలుగు ఊళ్ళలో పందిరి వేసి జరిపేది మాత్రం సీతారాముల కల్యాణం. ఉత్తరాదిన ప్రధానంగా జన్మోత్సవమైనది మనకు పెళ్ళయింది. భద్రాచలంలో కల్యాణం జరిగే ప్రాంగణాన్ని మిథిల పేరుతోనే పిలుస్తారు. ప్రభుత్వం పట్టువస్త్రాలూ ముత్యాల తలంబ్రాలూ సమర్పించే ఆచారం గోలకొండ తానీషా కాలం నాటిదని ప్రతీతి. 2014లో రాష్ట్ర విభజన జరిగాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లాంఛనాలు కడప జిల్లా ఒంటిమిట్టకు చేరాయి. అక్కడ కల్యాణం పున్నమి రాత్రి జరుగుతుంది. రెండు రాష్ట్రాలూ పంచుకున్నది రాముడి పుట్టినరోజును కాదు, సీత పెళ్ళిని. కథలో సీత అనుభవించిన దుఃఖమంతా తెలిసిన జనం, ఆమెను ఏటేటా పెళ్ళికూతురుగానే చూడదలచుకున్నారు. పేరులోని అశుభ శంకను తుడిచివేయడానికి ఇంతకన్న పెద్ద సామూహిక ప్రయత్నం మరొకటి కనిపించదు.

పదిహేడో శతాబ్దిలో కంచెర్ల గోపన్న కీర్తనలు మరొక దిశలో పనిచేశాయి. రాముణ్ణి నిలదీసిన రామదాసు సీతతో మాత్రం తల్లితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. తన తరఫున భర్తకు చెప్పమని ఆమెను వేడుకుంటాడు. జీవునికీ ఈశ్వరునికీ నడుమ అమ్మవారు చేసే ఈ సిఫారసును వైష్ణవ సంప్రదాయం పురుషకారమంటుంది. రామాయణం చెరలో ఉన్నామె గొప్పతనాన్ని చెప్పే గ్రంథమని పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణంలో అభిప్రాయపడ్డారు. వాల్మీకి కూడా తన కావ్యాన్ని సీత చరిత్రమని పేర్కొన్న సంగతి విదితమే. కాని తెలుగు భక్తుడికి ఈ సిద్ధాంతం శాస్త్రంగా అందలేదు. సీతమ్మ తల్లి అన్న పిలుపుగా అందింది. ఇంట్లో తండ్రికి కోపమొస్తే తల్లి ద్వారా పని జరిపించుకునే పిల్లల లోకజ్ఞానమే ఆ కీర్తనల్లో ఉంది.

భద్రాచలానికి సమీపంలోని పర్ణశాలలో సీత నారచీరలు ఆరవేసిన గుర్తులనీ, పసుపుకుంకుమల రాళ్ళనీ యాత్రికులకు చూపిస్తారు. ఆ స్థలపురాణం చారిత్రకతతో మనకు నిమిత్తం లేదు. జనం సీతను ఏ పనుల్లో ఊహించుకున్నారో గమనించాలి. బట్టలు ఉతికి ఆరేసుకోవడం, పసుపు అరగదీసుకోవడం. సీతాకోకచిలుక అన్న మాటలో సీత కోక చేరిందని తెలుగువాడి నమ్మకం. సీతమ్మజడ పువ్వు సరేసరి. అమెరికా ఖండం నుంచి వలస వచ్చిన పండుకు కూడా దేశమంతటితో పాటు మనమూ సీతాఫలమని పేరు పెట్టుకున్నాం. చీర, జడ, పండు. ఏ ఒక్కటీ పాతివ్రత్యానికి సంబంధించినది కాదు.

పాటల సీత

స్త్రీల పాటలు ఈ చర్చకు కీలకం. కృష్ణశ్రీ సంపాదకత్వంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ప్రచురించిన 'స్త్రీల రామాయణపు పాటలు' మన దగ్గరున్న ముఖ్యాధారం. ఆ పాటల్లో రావణవధ కన్న సీత పుట్టుక, పెళ్ళి, అప్పగింత, సమర్త, వేవిళ్ళు పెద్ద ఘట్టాలు. తలుపు గడియ చుట్టూ అల్లిన అలుక కూడా ఒక పాటకు వస్తువే. వెల్చేరు నారాయణరావు 1991లో వెలువడిన తన ప్రసిద్ధ వ్యాసంలో ఈ పాటలు స్త్రీలు తమకోసం తాము కట్టుకున్న రామాయణమని నిరూపించారు. ఇంటి పట్టున ఉండే అగ్రవర్ణ స్త్రీల పాటలకూ శ్రమజీవి స్త్రీల పాటలకూ గల తేడాను కూడా ఆయనే ఎత్తిచూపారు.

శూర్పణఖ మారువేషంలో వచ్చి సీత చేత రావణుని చిత్తరువు గీయించే పాటను చూడండి. సీత తాను చూసిన మేరకు కాలి బొటనవేలు మాత్రమే గీస్తుంది. మిగిలిన రూపం పూర్తయి ప్రాణం పోసుకుంటుంది. దాన్ని వదిలించుకోలేక ఆమె పడే అవస్థ, చివరకు అది భర్త కంటపడటం, అతని అనుమానం అన్నీ అత్తింటి గదుల్లో జరిగే కథ. వాల్మీకంలో లోకనింద వల్ల జరిగిన పరిత్యాగం ఈ పాటలో పడకగదిలో పుట్టిన అనుమానం వల్ల జరుగుతుంది. పాడిన స్త్రీలకు ఈ సీత దేవత అయివుంటే ఇంత దగ్గరగా చూడగలిగేవారు కారు. ఆమె పేరు తమ ఇంట్లో ఒకరికి ఉండదగిన పేరు. ఆమెకు జరిగినది తమ ఇంట్లో జరగదగినది.

వినదగిన అభ్యంతరం ఒకటుంది. పాటల సీత ఇంత దగ్గరిదైతే, పేరు పెట్టడానికి జంకు ఎందుకు? సీత పేరు పెడితే కష్టాలు తప్పవన్న భయం తెలుగు ఇళ్ళలో ఉన్నదే. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అన్న సామెతలో కష్టమన్న మాటకు సీత ప్రమాణమైంది. సీత పుట్టుక లంకకు చేటు అన్న సామెత ఆమెను ఇతరుల కష్టానికి కూడా కారణం చేసింది. ఈ భయం పేరును ఆపలేదు గాని పేరు రూపాన్ని మార్చింది. సీతకు మహాలక్ష్మిని జతచేయడం వెనక నేను చూసేది ఈ జాగ్రత్తనే. సీత కష్టం, మహాలక్ష్మి కలిమి. మొదటిది ఇంట్లో చనిపోయిన పెద్దామె పేరు గనుక పెట్టక తప్పదు. రెండోది పిల్ల బతుకు చల్లగా ఉండాలన్న కోరిక. ఈ రెండింటి మధ్య రాజీకి వచ్చిన పేరది. సమాసంగా చూస్తే రూపకం లాగా కనిపించే ఆ పేరు, ఆచరణలో ఒక ముందుచూపు.

పెద్దామె పేరు

దీంతో అసలు విషయానికి వచ్చాం. తెలుగు కుటుంబాల్లో తాత పేరు మనవడికి, నాయనమ్మ లేదా అమ్మమ్మ పేరు మనవరాలికి పెట్టడం బలమైన ఆచారం. బారసాలనాడు పళ్ళెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో రాసే పేరును నిర్ణయించేది రామాయణ పఠనం కన్న ఈ ఆచారమే. పోయిన పెద్దామె పేరు సీతమ్మ అయితే పుట్టిన పిల్ల సీత. ఆ పెద్దామెకు కూడా తన నాయనమ్మ పేరే వచ్చి ఉంటుంది. ఒక తరం విడిచి ఒక తరానికి పేరు దూకుతూ పోతుంది. ఈ గొలుసులో మొదటి కడియం ఎవరో రామాయణాన్ని విని ఆ పేరు పెట్టి ఉండవచ్చు. తరువాతి కడియాలన్నీ ఒకదానికొకటి ముడిపడినవి.

ఈ ఆచారానికి ఒక తిరకాసుంది. కోడలు అత్తగారి పేరు నోటితో పలకరాదు. కన్నకూతురికి అదే పేరు పెట్టాక ఆమెను ఎలా పిలవడం? అందుకే అమ్మాయి, అమ్మాజీ, బుజ్జి, చిట్టి వంటి ముద్దుపేర్లు పుట్టుకొచ్చాయి. సీత అన్న పేరు కాగితం మీద ఉండి, తల్లి నోట మాత్రం పలకని పేరుగా ఎన్నో ఇళ్ళలో బతికింది. కూతురిని పేరు పెట్టి తిడితే అత్తగారిని తిట్టినట్టవుతుంది. పేరుకు దక్కిన ఈ గౌరవం మిథిల రాజకుమారిది కాదు. మొన్నమొన్నటి దాకా వంటింటి తాళంచెవులు మొలకు కట్టుకుని తిరిగిన ముసలామెది.

దీన్నిబట్టి పాతివ్రత్యాదర్శానికి ప్రమేయమే లేదని చెప్పబోవడం లేదు. సావిత్రి, అనసూయ, సుమతి, అరుంధతి, దమయంతి అన్న పేర్లు తెలుగునాట నిలదొక్కుకున్నాయంటే ఆదర్శం ఆ పేర్లను ఇంట్లోకి తెచ్చిందనే అర్థం. మండోదరి, కుంతి ఆ మేరకు రాలేదన్నదీ నిజమే. నా వాదం వేరు. ఇంట్లోకి తెచ్చిన శక్తి ఒకటి, ఇంట్లో నిలిపిన శక్తి మరొకటి. క్షేత్రపర్యటనలో పేర్లు సేకరించే పరిశోధకులు ఈ పేరుకు అర్థమేమిటని అడుగుతారు. ఎవరి పేరు పెట్టారని అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

రచయితల వాడుక

ఆధునిక సాహిత్యం సీత ఆదర్శంతో తీవ్రంగా వాదించింది. చలం 'సీత అగ్నిప్రవేశం'లో రాముణ్ణి నిలదీసి, తన ఇష్టంతో అగ్నిలో ప్రవేశించే సీతను చిత్రించాడు. రంగనాయకమ్మ 1970ల దశకంలో 'రామాయణ విషవృక్షం' రాశారు. 2015లో కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం పొందిన ఓల్గా 'విముక్త' కథల్లో సీత శూర్పణఖనూ అహల్యనూ రేణుకనూ ఊర్మిళనూ కలుసుకుని తనను తాను తెలుసుకుంటుంది. ఈ రచయితల్లో ఎవరూ పేరును మాత్రం మార్చలేదు. తిరగబడే స్త్రీకి కూడా ఆ పేరే సరిపోయింది. ఓల్గా కథల్లో స్త్రీలు ఒకరినొకరు తండ్రుల, భర్తల పేర్లతో కాక సొంత పేర్లతో పలకరించుకోగలగడమే విముక్తికి మొదటి మెట్టులా నాకు తోస్తుంది. అందుకు జానకి పనికిరాదు, సీతే కావాలి.

'మట్టి మనిషి' నవలాకర్త్రి పేరు వాసిరెడ్డి సీతాదేవి కావడం యాదృచ్ఛికమే. జానపద గేయాలను వేదికలెక్కించిన వింజమూరి సోదరీమణుల పేర్లు అనసూయ, సీత కావడం బహుశా అంత యాదృచ్ఛికం కాదు. అయోధ్యాకాండ చివర కలుసుకున్న ఇద్దరు స్త్రీలు ఒకే ఇంట అక్కాచెల్లెళ్ళయ్యారు. దనసరి అనసూయ ఉద్యమ జీవితంలో సీతక్క అయి, తరువాత శాసనసభలోకి కూడా ఆ పేరుతోనే వెళ్ళారు. అడవిలో వ్యవహార నామంగా ఎంచుకున్న సీతక్కకు పాతివ్రత్యం అర్థమని ఎవరు చెప్పగలరు? అక్క అన్న తెలుగు ప్రత్యయం ఆ పేరును మరో తరహా మర్యాదలోకి మార్చింది.

సినిమా సంగతి క్లుప్తంగా. 1934, 1963ల నాటి 'లవకుశ' చిత్రాలూ 2011 నాటి 'శ్రీరామరాజ్యం' పరిత్యక్త సీత కథనే ఎంచుకున్నాయి. పండుగలో పెళ్ళికూతురైన సీతకు వెండితెర మీద అడవే మిగిలింది. సాంఘిక చిత్రాల్లో 2022 నాటి 'సీతారామం' మన చర్చకు పనికొస్తుంది. అందులో నూర్జహాన్ అన్న యువరాణి ఒక అనాథ సైనికుడికి సీతామహాలక్ష్మి పేరుతో ఉత్తరాలు రాస్తుంది. ఎవరూ లేనివాడికి ఇల్లు ఉందన్న భ్రమ కల్పించాలంటే రచయితకు తట్టిన పేరు అది. జావాలో ఇదే పేరు సింత అయి ముస్లిం కుటుంబాల్లో కూడా నిలిచిందని గుర్తుంచుకుంటే, ఆ పాత్ర కల్పన చిత్రంగా అనిపించదు. మతం దాటినా ఇంటి పేరుగానే దాటింది.

ఇప్పటి తరం పేర్ల ఎంపిక ఈ వాదానికి ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. నాయనమ్మ పేరు సీతమ్మ అయితే మనవరాలికి నేరుగా ఆ పేరు పెట్టడానికి యువ దంపతులు వెనుకాడుతున్నారు. పాతకాలపు పేరన్నది ఒక కారణం, కష్టాల భయం మరొకటి. అయినా పెద్దామెను పూర్తిగా వదులుకోలేరు. కొందరు తొలి అక్షరాన్ని దక్కించుకుని సితార, సిరి అంటారు. హిందీ వాటంగా సియా అనేవారూ ఉన్నారు. మరికొందరు అర్థాన్ని దక్కించుకుంటున్నామనుకుని మైథిలి, వైదేహి, జానకి అంటారు. ఈ చివరి ఎంపిక సొగసైనదే. నాయనమ్మ జ్ఞాపకమూ ఉంటుంది, పేరు కొత్తగానూ వినిపిస్తుంది. కాని ఏ తండ్రి పేరూ ఏ వంశం పేరూ లేని ఆ రెండక్షరాల స్థానంలో మళ్ళీ జనకుడూ మిథిలా విదేహమూ వచ్చి కూర్చుంటున్నాయి.